కావాలని చేసిన తప్పులు

శుక్రవారం మధ్యాహ్నం కొడుకు అన్నానికి వస్తున్నాడని తిరుమల పొద్దున్నుంచీ వంటింట్లోనే ఉంది. దోహా శివార్లలోని ఉమ్ సలాల్‌లో ఒక పెద్ద విల్లాకు అడ్డుగోడలు పెట్టి ఆరు వాటాలు చేసి అద్దెకిచ్చారు. అందులో వెనక వాటా వాళ్లది. కొడుకు గంగాప్రసాద్ దోహాకు వచ్చి నాలుగు రోజులైనా టీంతో పాటు హోటల్లోనే ఉన్నాడు. తల్లి ఇంటికి వెళ్లి రావడానికి మేనేజర్ అతనికి ఇచ్చిన టైం మూడు గంటలు. కన్నతల్లి చేతి అన్నానికి కూడా పర్మిషన్ ఏమిటని ఆమెకు ముందే ఒళ్లు మండిపోతోంది.

వచ్చినవాడు బూట్లు విప్పుతూనే, "అమ్మా, జర ఆ లైటు బంద్ చెయ్యే" అన్నాడు.

"లైటు బంద్ చేసి చీకట్ల తింటవా?"

"కండ్లల్ల గుచ్చుకుంటాంది."

ఆమె లైటు ఆపింది. కొడుకు టోపీ తియ్యలేదు. దాని అంచు కళ్ల మీదికి లాక్కుని, గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

ముందురోజు సాయంత్రం మాల్‌లో ఉన్న ఐస్ రింక్‌లో మ్యాచ్ జరిగింది. నాలుగు దేశాల నుంచి నాలుగు క్లబ్బులు వచ్చి ఆడుతున్న ఐస్ హాకీ పోటీ అది. గంగాప్రసాద్ స్లొవేకియాలో ఒక చిన్న క్లబ్బుకు జీతం మీద ఆడతాడు. డిఫెన్స్ ఆటగాడు. ఎదుటివాళ్లు గోల్ వైపు దూసుకొస్తుంటే ఒంటిని అడ్డం పెట్టడం అతని ఉద్యోగం. ఆ మ్యాచ్‌లో ఒకడు వెనక నుంచి వచ్చి గుద్దితే, హెల్మెట్‌తో సహా అతని తల రింక్ చుట్టూ ఉండే అద్దాల గోడకు తగిలింది. ఆ చప్పుడు మూడో వరసలో ఉన్న తిరుమలకు వినిపించింది. పడ్డవాడు లేచాడు. లేచి నేరుగా వెళ్లి ఎదుటి టీం బెంచీ మీద కూర్చోబోయాడు. జనం విరగబడి నవ్వారు. భర్త రాజేందర్ కూడా నవ్వాడు.

"సూడు సూడు, వాళ్లను ఎట్ల పరేషాన్ చేస్తాండో!"

తిరుమలకు నవ్వు రాలేదు.

రాజేందర్ కోరుట్ల నుంచి ఏసీ మెకానిక్‌గా ఇక్కడికి వచ్చి ఇరవై నాలుగేళ్లు. అదే రింక్ కింద, ఐస్ కరిగిపోకుండా చూసే చిల్లర్ ప్లాంట్‌లో సూపర్‌వైజర్ అయ్యాడు. కొడుకు ఆరేళ్లప్పుడు మాల్ తెరవకముందే ఐస్ చెక్ చెయ్యడానికి వెళ్తూ వెంట తీసుకుపోయేవాడు. అక్కడ సరదాకు ఆడుకునే కెనడా ఇంజనీర్ ఒకాయన, వెనక్కి వెనక్కి జారుతున్న పిల్లాణ్ణి చూసి, వీడికి స్టిక్ ఇవ్వండి అన్నాడట. ఇది రాజేందర్ ఎవరు దొరికితే వాళ్లకు చెప్పే కథ. కోరుట్లలో ఉన్న తన చెల్లెలికి ఎన్నిసార్లు చెప్పినా ఆమె మాత్రం, "దుబాయ్‌ల మంచు ఎక్కడిదన్నా? ఐస్‌క్రీం కంపెనీలనా పోరడు పని చేసేది?" అనే అడుగుతుంది. ఇది దుబాయ్ కాదు ఖతర్ అని చెప్పడం వాళ్లు ఏనాడో మానేశారు.

తిరుమలకు తెలిసిన కథ వేరు. పదహారేళ్లకు అకాడమీలో చేరతానని విమానం ఎక్కిన పిల్లాడు మొదటి చలికాలంలోనే ఫోన్‌లో నోరు తెరిచి చూపించాడు. ముందు పళ్లు రెండు లేవు. "అందరికి గిట్లనే ఉంటదే" అని నవ్వాడు. ఆ పై ఏడు భుజం జారింది. ఒకసారి ఎడమ చేతి వేళ్లు విరిగితే మూడు వారాలు ఫోన్ కుడిచేత్తోనే పట్టుకుని, చెయ్యి కెమెరాకు కనపడకుండా దాచాడు. ఆమె కనిపెట్టింది. జీతం మీద ఆడే ఆటగాడు అయ్యాడని రాజేందర్ బొగ్గుల మీద కాల్చిన అల్ఫహం కోళ్లు తెచ్చి విల్లాలో ఆరు వాటాలకూ పంచిన రోజున కూడా వాడి కనుబొమ్మ మీద కుట్లున్నాయి. తలకు దెబ్బ తగలడం ఆమె లెక్కలో ఇది నాలుగోసారి. ఆమెకు చెప్పనివి ఎన్నో ఆమెకు తెలియదు.

బగారన్నం, మటన్ కూర పెట్టింది. వాడు రెండు ముద్దలు తిని ప్లేటులో వేలితో గీతలు గీస్తూ కూర్చున్నాడు.

"బాపూ, మా గోలీ లేడా, ఎయిర్‌పోర్ట్‌ల సామాన్ చెకింగ్ కాడ కట్టుడుపళ్లు ట్రేల ఇడిసిపెట్టిండు. వెనుకనుంచి ఓ ముసలామె ఆ ట్రే పట్టుకొని పరుగు. సార్, యువర్ టీత్! సార్, యువర్ టీత్!"

వాళ్ల గోల్‌కీపర్ సంగతికి రాజేందర్ పొలమారేంత నవ్వాడు. తిరుమల కూడా నవ్వింది. ఆమె పెరుగు తెచ్చి వడ్డించి కూర్చునేసరికి వాడు మళ్లీ తల ఎత్తాడు.

"బాపూ, మా గోలీ లేడా, ఎయిర్‌పోర్ట్‌ల సామాన్ చెకింగ్ కాడ కట్టుడుపళ్లు ట్రేల ఇడిసిపెట్టిండు..."

అవే మాటలు. ముసలామె దగ్గర అదే ఆగడం. రాజేందర్ ఒక్క క్షణం భార్య వైపు చూసి, మళ్లీ నవ్వాడు.

"తలకాయకు తాకిన సంగతి డాక్టర్లు ఏమన్నరు?" అంది.

"పొద్దున టెస్ట్ అయ్యిందే. సేమ్ మార్కులు. రేపు ఫైనల్ ఆడుతున్న."

"సేమ్ అంటే?"

వాడికి అప్పుడు హుషారొచ్చింది. సీజన్ మొదలుకాకముందు, సెప్టెంబర్‌లో, ప్రతి ఆటగాడికీ కంప్యూటర్ మీద ఒక పరీక్ష పెడతారట. మాటలు చూపించి మళ్లీ అడుగుతారు, బొమ్మలు గుర్తుపట్టమంటారు, రంగు మారగానే బటన్ నొక్కమంటారు. ఆ మార్కులు దాచి ఉంచుతారు. తర్వాత ఎప్పుడైనా తలకు దెబ్బ తగిలితే అదే పరీక్ష మళ్లీ పెట్టి పోల్చి చూస్తారు. తగ్గితే ఆడనివ్వరు.

"మంచిగ రాస్తే మనమే మునుగుతం. గందుకే సెప్టెంబర్‌ల అందరం కావాలని తప్పులు కొడతం. సీనియర్లే నేర్పిస్తరు. గుర్తున్న మాట గుర్తు లేదంటం, బటన్ లేటుగ నొక్కుతం. జర తెలివి తక్కువోన్ని అని రాయించుకుంటే అయిపాయె. ఎన్ని దెబ్బలు తాకినా సేమ్ అస్తయి."

"నా కొడుకు!" అన్నాడు రాజేందర్ తొడ చరిచి. "కంప్యూటర్‌నే బేవకూఫ్ చేసిండు."

తిరుమల గిన్నెలు తీస్తున్నది ఆగిపోయింది.

"ఇయ్యాల పొద్దున గూడ కావాలని తప్పులు కొట్టినవా?"

"ఇయ్యాల ఎందుకు కొడతనే? ఇయ్యాల పాణం పెట్టి చేసిన."

"పాణం పెట్టి చేస్తే, అప్పుడు కావాలని తప్పులు కొట్టినప్పటి మార్కులే అచ్చినయా?"

వాడు టోపీ అంచు ఇంకా కిందికి లాక్కున్నాడు. ఇంతసేపూ తనకు తట్టని సంగతి ఇప్పుడు తల్లి నోట విన్నాడని ఆమెకు వాడి మెడ చూస్తేనే అర్థమైంది.

తిరుమల పదకొండేళ్లుగా ఇండియన్ స్కూల్ కేజీ క్లాసులో ఆయా. రానట్టు నటించే పిల్లలెవరో, నిజంగా రానివాళ్లెవరో టీచర్ కంటే ముందు ఆమెకే తెలుస్తుంది. నటించేవాడు టీచర్ మొహం చూస్తాడు. రానివాడు పలక వైపే చూస్తూ ఉంటాడు. కొడుకు ప్లేటు వైపే చూస్తున్నాడు.

"నువ్వు రేపు ఆడొద్దు" అంది.

"అమ్మా, నాకు ఇరవై అయిదు. పెద్ద లీగ్ క్లబ్బాయన రేపు ఫైనల్ సూడనీకి అస్తాండు. రెండేండ్ల కాంట్రాక్ట్. ఇప్పుడు కాకుంటే ఇంకెప్పుడు గాదు. వచ్చే ఏడు నా జాగల పంతొమ్మిదేండ్ల పోరన్ని పెడతరు."

"ఒక్క మ్యాచే గద తిరుమలా" అన్నాడు రాజేందర్.

"భుజం జారినప్పుడు గూడ ఒక్క మ్యాచే అన్నవు. భుజాన్ని డాక్టర్ మళ్ల ఎక్కిచ్చిండు. తలకాయను ఎవడెక్కిస్తడు? నువ్వెక్కిస్తవా, నీ చిల్లర్ రూంల పానాలు వెట్టి?"

"అపశకునం మాటలు బంద్ చెయ్యే!"

"రెండుసార్లు చెప్పిన కథకు రెండుసార్లు నవ్విన మనిషివి, నువ్వు నాకు చెప్తవా?"

రాజేందర్ మొహం తిప్పుకున్నాడు. కొడుకు లేచాడు. గోడ పట్టుకుని లేచాడు. గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటూ తల ఎత్తకుండా అన్నాడు.

"ఎవ్వలకన్న చెప్పినవనుకో, నా బతుకు నువ్వే బంద్ వెట్టినట్టు."

మర్నాడు మూడు గంటలకు ఫైనల్. తిరుమల ఒంటిగంటకే భర్తను మాల్‌కు బయల్దేరదీసింది. మేనేజర్‌తో మాట్లాడాలి అంటే రాజేందర్ దారంతా వద్దన్నాడు. చివరికి, "నేను గూడ ఉంట, నీకు ఇంగ్లిష్ సరిగ రాదు" అన్నాడు.

మేనేజర్ ఎర్రటి మనిషి, నవ్వు మొహం. ఆటగాళ్ల గది బయట నిలబడి చెయ్యి కలిపాడు. కొడుకు పేరు రాసిన జెర్సీ ఒకటి తెప్పించి ఆమె చేతిలో పెట్టాడు.

"ఈయనకు చెప్పు" అంది తిరుమల. "నా కొడుకు తలకాయ మంచిగ లేదు. వాని పరీక్ష ఉత్తదే. సెప్టెంబర్‌ల మీ పోరగాండ్లందరు కావాలని తప్పులు రాస్తరు, మీకు తెలిసి గూడ తెల్వనట్టు ఉంటరు. మీ బిడ్డలైతే గిట్లనే ఆడిస్తరా అని అడుగు."

రాజేందర్ గొంతు సవరించుకున్నాడు. జెర్సీకి చాలా థాంక్స్ అని, కొడుకు క్షేమం గురించి తల్లి కొంచెం ఆదుర్దా పడుతోందని, మీరు బాగా చూసుకుంటారని తమకు నమ్మకమని ఇంగ్లిష్‌లో చెప్పాడు. మేనేజర్ గుండె మీద చెయ్యి పెట్టుకుని, మా అందరికీ అతను సొంత తమ్ముడి లాంటివాడు అన్నాడు. తర్వాత ఫోన్‌లో రెండు అంకెలు చూపించాడు. సెప్టెంబర్, నిన్న. రెండూ ఒకటే.

మాట్లాడటం రాకపోయినా, పదకొండేళ్లు టీచర్ల వెనక నిలబడ్డ మనిషికి ఇంగ్లిష్ వినడం వస్తుంది. ఆమె జెర్సీని భర్త భుజం మీద పడేసింది.

"నువ్వు చెప్పింది నేను విన్న. పెండ్లానికి గూడ అబద్ధాల తర్జుమా చేసే మొగన్ని నిన్నొక్కన్నే చూసిన. పో, పోయి మీ ఐస్ చూసుకో."

టోర్నమెంట్ డాక్టర్ గది రింక్ వెనకాల, స్కేటింగ్ బూట్లు అద్దెకిచ్చే కౌంటర్ పక్కన ఉంది. డాక్టర్ ఫర్హా ముప్పై ఏళ్ల మనిషి. తిరుమల వచ్చీ రాని హిందీలో మొదలుపెట్టగానే ఆమె నవ్వి, "తెలుగులనే చెప్పండి ఆంటీ, మాది బోధన్" అంది.

తిరుమల ఆమె చూపించిన కుర్చీలో కూర్చుంది. నిన్నటి నుంచి ఆమె మాట వినడానికి ఒక మనిషి కుర్చీ చూపించడం ఇదే మొదలు. అంతా చెప్పింది. ఎదుటి టీం బెంచీ, లైటు, గోలీ పళ్లు రెండుసార్లు, సెప్టెంబర్.

ఫర్హా ఒక కాగితం తీసి ఆమె ముందు పెట్టింది. "నాకు క్లబ్బు పంపింది ఈ నంబర్లే ఆంటీ. మీ మాట మీద నేను ఆపలేను. ఆయన్ని పిలిపిస్తా."

గంగాప్రసాద్ సగం వేసుకున్న డ్రెస్‌తో, భుజాల మీద అట్టల్లాంటి కవచాలతో వచ్చాడు. తల్లిని చూడగానే మొహం నల్లబడింది.

"అమ్మకు ఇంగ్లిష్ రాదు డాక్టర్. మేం మాట్లాడుకున్నది తప్పుగ అర్థం చేసుకుంది."

నిన్న తామంతా మాట్లాడుకున్నది తెలుగులోనే అని తిరుమల అనలేదు. అవమానం దిగమింగుకుంది.

"సరే, చిన్న పరీక్ష" అంది ఫర్హా. "నేను ఐదు మాటలు చదువుతా. విని మళ్లీ చెప్పాలి."

ఆమె కాగితం చూసి రెండు ఇంగ్లిష్ మాటలు చదివింది. మూడోది చదివేలోపే వాడు మిగతా మూడూ చెప్పేశాడు.

ఫర్హా కాగితం బల్ల మీద పెట్టింది. ఆమె ఇంకా చదవని మాటలు చెప్పానని వాడికి తెలియలేదు. గెలిచినవాడిలా నిలబడ్డాడు.

"ఈ లిస్టులు ఆటగాళ్లందరూ బట్టీ పడతారని విన్నా" అంది ఫర్హా మెల్లగా. "ఇప్పుడే చూస్తున్నా. ఆంటీ, మీరు చెప్పండి ఐదు మాటలు. ఇంట్లో ఉండేవి."

తిరుమల ఆలోచించలేదు. "గంటె. చీపురు. చింతపండు. తాళంచెవి. దువ్వెన."

వాడు అయిదూ తిరిగి చెప్పాడు. ఫర్హా నెలల పేర్లు వెనక్కి చెప్పమంది. సెప్టెంబర్ దగ్గర తడబడ్డాడు. కళ్లు మూసుకుని ఒంటికాలి మీద నిలబడమంది. ఐస్ మీద సన్నని ఇనుప అంచు మీద వెనక్కి పరిగెత్తేవాడు, ఉత్త నేల మీద నిలబడలేక బల్ల పట్టుకున్నాడు. అయిదు నిమిషాల తర్వాత ఆమె మళ్లీ అడిగింది.

"అమ్మ చెప్పిన మాటలు?"

"గంటె" అన్నాడు. "చీపురు." ఆగాడు. "ఇంకేదో... గంటె."

అని తల్లి వైపు చూశాడు. చింతపండు ఆమె నాలుక చివరన ఉంది. పెదాలు నెత్తురు కమ్మేంత గట్టిగా నొక్కిపెట్టింది.

"ఇయ్యాల ఆడటం లేదు" అంది ఫర్హా. వాడు కుర్చీలో కూలబడ్డాక, ఆమె తిరుమలను గుమ్మం దగ్గరికి పిలిచింది. "ఒక సంగతి ఆంటీ. ఇవాళ్టికి ఆడొద్దని మాత్రం రాస్తే ఇక్కడితో అయిపోతుంది. సెప్టెంబర్ సంగతి కూడా రాస్తే, పరీక్షలో మోసం అని క్లబ్బు కాంట్రాక్ట్ తీసెయ్యొచ్చు. పెద్ద లీగ్ వాళ్లూ వెనక్కి పోతారు. మీరు చెప్పారు కాబట్టే నాకు తెలిసింది. మీరే చెప్పండి."

రాయకపోతే ఆ మార్కులు అట్లాగే ఉంటాయి. వచ్చే నెల స్లొవేకియాలో మళ్లీ గోడకు తగులుతాడు, మళ్లీ అదే అంకె వస్తుంది, మళ్లీ ఎవరో ఎర్రటి మనిషి గుండె మీద చెయ్యి పెట్టుకుంటాడు. అక్కడ గంటె, చీపురు అడిగేవాళ్లు ఉండరు.

"రాయి డాక్టరమ్మా" అంది తిరుమల. "గా దొంగ మార్కులు కొట్టేసెయ్యి. వాడు దొంగ అని రాస్తవు గద, పోరగాండ్లకు నేర్పింది ఎవలో, తెలిసి నోరు మూసుకున్నది ఎవలో, గది గూడ రాయి."

"అమ్మా!" వాడు లేచాడు. "తొమ్మిదేండ్లు! తొమ్మిదేండ్లు నేను ఆ మంచులో... నువ్వు మా అమ్మవే కాదు. సచ్చేదాంక తిడత నిన్ను."

"తిట్టు" అంది ఆమె. "రేపు తిట్టు, ఎల్లుండి తిట్టు, ముసలోనివైనంక గూడ తిట్టు. ఎందుకు తిడుతున్నవో యాదికుండాలె, గంతే. నాకు గది చాలు."

వాడు భుజం కవచాలు విప్పి నేలకేసి కొట్టి వెళ్లిపోయాడు.

మూడు గంటలకు మ్యాచ్ మొదలైంది. తిరుమల ఇంటికి వెళ్లలేదు. కొడుకు టీం జాకెట్ వేసుకుని, ఆడనివాళ్లు కూర్చునే చోట, ఆమెకు రెండు వరసల కింద ఒక్కడే కూర్చున్నాడు. రాజేందర్ వచ్చి ఆమెకు ఒక కుర్చీ దూరంలో కూర్చున్నాడు. "నా కొడుకును దొంగను చేసినవు" అన్నాడు గోడతో చెప్పినట్టు. ఆమె దగ్గర జవాబు చాలానే ఉంది కానీ, అది విప్పితే మ్యాచ్ అయ్యేదాకా తెమలదు.

రంగు లైట్లు తిరిగాయి. లౌడ్‌స్పీకర్‌లో పేర్లు చదవడం మొదలైంది. చివర్లో ఆ గొంతు జాలి తెచ్చుకుంది. మన దోహా కుర్రాడు గంగాప్రసాద్ కాలి కండరం పట్టేసినందువల్ల ఇవాళ విశ్రాంతి తీసుకుంటున్నాడు, గట్టిగా చప్పట్లు కొట్టి ప్రోత్సహించండి అంది.

జనం చప్పట్లు కొట్టారు. రింక్ అవతల బెంచీ దగ్గర నిలబడ్డ మేనేజర్ కూడా కొట్టాడు.

తిరుమల లేచి నిలబడింది.

"కాలా?" అంది. ముందు పక్కవాళ్లకే వినిపించింది. తర్వాత రింక్ అవతలికి వినిపించింది. "ఏం కాలయ్యా? వాని కాళ్లు మంచిగనే ఉన్నయి! తలకాయ! నా కొడుకు తలకాయ పలగ్గొట్టి కాలంటరా? చెప్పుండ్రి, తలకాయ అని చెప్పుండ్రి!"

చప్పట్లు ఆగాయి. పిల్లలు వెనక్కి తిరిగి చూశారు. అద్దం తుడుస్తున్న క్లీనర్లు ఇద్దరు, తెలుగు విని, చేతిలో గుడ్డలతో అట్లాగే నిలబడిపోయారు. సెక్యూరిటీ మనిషి మెట్లెక్కడం మొదలుపెట్టాడు. రాజేందర్ ఆమె చున్నీ పట్టుకుని లాగాడు. ఆమె విదిలించుకుంది.

"మీ కాయిదంల గూడ కాలు అనే రాసుకుంటరా? రేపు ఇంకోని కొడుకు పడితే గప్పుడేమంటరు, గోరు అంటరా? సిగ్గులేదా మీకు?"

రెండు వరసల కింద నుంచి గంగాప్రసాద్ లేచాడు. కుర్చీల వీపులు ఒక్కొక్కటే పట్టుకుంటూ మెట్లెక్కి వచ్చాడు. తిట్టడానికే వస్తున్నాడనుకుంది. తిట్టనీ అనుకుంది. దగ్గరికి వచ్చాక వాడు రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. కళ్లు సగం మూతపడి ఉన్నాయి.

"అరవకే అమ్మా" అన్నాడు చిన్నగా. "తల పలుగుతాంది. మొన్న తాకినకాడికెళ్లి పలుగుతనే ఉంది."

తిరుమల అరవడం ఆపింది. చున్నీ తీసి వాడి తల మీదుగా కళ్ల దాకా కప్పి, తిరిగే లైట్లు తగలకుండా చెయ్యి అడ్డం పెట్టి, మెట్ల వైపు నడిపించింది.